రక్షించామంటారు, తాళం వేస్తారు

జిల్లా పేజీల్లో తరచూ కనిపించే వార్తే. 'వ్యభిచార గృహంపై పోలీసుల దాడి. నిర్వాహకురాలు, ఇద్దరు విటులు, ముగ్గురు యువతుల అరెస్ట్. పీటా చట్టం కింద కేసు.' పక్కనే చున్నీలతో ముఖాలు కప్పుకుని గోడవైపు తిరిగి నిలబడ్డ ఆడవాళ్ల ఫొటో. ఆ ముగ్గురూ చేసిన నేరమేమిటో వార్తలో ఉండదు. పీటాను, అంటే అనైతిక రవాణా నిరోధక చట్టాన్ని, మొదటి సెక్షన్ నుంచి చివరిదాకా చదవండి. నాలుగు గోడల మధ్య, తన ఇష్టంతో, డబ్బు తీసుకుని లైంగిక సంబంధం పెట్టుకున్న మేజర్ మహిళ నేరం చేసిందని ఎక్కడా రాసి లేదు.

అయినా ఆమె స్టేషన్‌కు వెళ్తుంది. అక్కణ్నుంచి ఆసుపత్రికి, ఆ తర్వాత మేజిస్ట్రేట్ ముందుకు, చివరికి రక్షణ గృహం అనే హోమ్‌కు. నేరం మోపకుండానే ఒక మనిషిని ఏడాది నుంచి మూడేళ్ల దాకా తాళం వెనక ఉంచే ఈ ఏర్పాటుకు మనం పెట్టుకున్న పేరు 'రెస్క్యూ'. 160 ఏళ్లుగా ఈ దేశంలో పాలకులు మారారు, చెప్పే కారణాలు మారాయి. ఒకప్పుడు సైనికుల ఆరోగ్యం అన్నారు, తర్వాత సంఘ సంస్కరణ అన్నారు, ఆపైన దేశ ప్రతిష్ఠ అన్నారు, ఇప్పుడు రక్షణ అంటున్నారు. ఆమెను పట్టుకెళ్లి లోపల పెట్టే అధికారాన్ని మాత్రం ఎవరూ వదులుకోలేదు. ఆ అధికారం పోనంతకాలం 'సమాజ దృక్పథం మారుతోంది' అనే మాటకు అర్థం లేదు.

చట్టం ఆమెకు మిగిల్చిన జాగా ఎంతో లెక్కేద్దాం. సెక్షన్ 7 ప్రకారం గుడి, మసీదు, చర్చి, బడి, హాస్టల్, ఆసుపత్రి, నర్సింగ్ హోమ్, వీటిలో దేనికైనా 200 మీటర్ల లోపు ఈ వృత్తి చేస్తే మూడు నెలల దాకా జైలు. 200 మీటర్ల వ్యాసార్ధంతో వృత్తం గీస్తే దాని విస్తీర్ణం సుమారు 31 ఎకరాలు. అంటే ఒక్కో గుడి, ఒక్కో బడి చుట్టూ 31 ఎకరాలు నిషిద్ధం. ఏ ఊరి పటం మీదనైనా ఈ వృత్తాలు గీసుకుంటూ పోతే చెరువులూ పొలాలూ తప్ప ఏం మిగులుతాయి?

సెక్షన్ 8 విటుణ్ని పిలవడం గురించి. మాటతో పిలిచినా, సైగ చేసినా, కిటికీ దగ్గరో మేడ మీదో కావాలని కనబడేలా కూర్చున్నా మొదటిసారి ఆరు నెలల దాకా జైలు, లేదా 500 రూపాయల జరిమానా, లేదా రెండూ. రెండోసారైతే ఏడాది. అదే సెక్షన్‌కు ఒక మినహాయింపు తగిలించారు: ఈ నేరం మగవాడు చేస్తే శిక్ష ఏడు రోజులకు తగ్గకుండా, మూడు నెలలకు మించకుండా. ఒకే పనికి ఆడదానికి ఆరు నెలలు, మగవాడికి అందులో సగం. రాజ్యాంగం ఇచ్చిన సమానత్వానికి చట్ట పుస్తకంలోనే ఇంత బాహాటమైన తూట్లు మరోచోట చూడడం కష్టం.

'బ్రోతల్', అంటే వ్యభిచార గృహం, నిర్వచనం ఇంకా ఘోరం. ఇద్దరు మహిళలు పరస్పర లాభం కోసం వాడుకున్న ఇల్లు కూడా బ్రోతలే. భద్రత కోసం, అద్దె పంచుకోవడం కోసం ఇద్దరు ఒకే గదిలో ఉంటే చాలు, సెక్షన్ 3 కింద నిర్వాహకులైపోతారు. మొదటి నేరానికే ఏడాది నుంచి మూడేళ్ల కఠిన శిక్ష. తెలిసి ఇల్లు అద్దెకిచ్చిన యజమానికీ శిక్ష ఉంది కాబట్టి ఇల్లు దొరకదు, దొరికితే రెట్టింపు అద్దె. ఇక సెక్షన్ 4: ఆమె సంపాదనపై తెలిసి బతికే 18 ఏళ్లు దాటిన ఎవరికైనా రెండేళ్ల దాకా జైలు. ఆమెతో కలిసి ఉంటున్నట్టు తేలితే చాలు, ఆమె సొమ్ము తింటున్నట్టే లెక్క. కాదని నిరూపించుకునే భారం వాళ్లదే. ఇది తార్పుడుగాళ్ల కోసం రాసిన సెక్షన్. కానీ అందులోని మాటలు మంచం పట్టిన తల్లికీ, డిగ్రీ చదువుతున్న కొడుక్కీ కూడా అతుకుతాయి.

ఇవన్నీ కలిపి చూస్తే చట్టం చెప్పేది ఒక్కటే: చేసుకో, కానీ ఒంటరిగా, ఎవరి కంటా పడకుండా, మనుషులు లేని చోట, పక్కన ఒక్క తోడు కూడా లేకుండా చేసుకో. ముక్కూ మొహం తెలియని మగవాడితో ఒక ఆడది ఒంటరిగా ఉండాల్సిన పరిస్థితి కంటే ప్రమాదకరమైనది ఈ వృత్తిలో ఇంకొకటి లేదు. చట్టం ఏరికోరి ఆమెను అక్కడికే తోసింది.

పాతకాలమంతా స్వర్ణయుగమని చెప్పడం నా ఉద్దేశం కాదు. కౌటిల్యుడి అర్థశాస్త్రంలో వేశ్యలపై అజమాయిషీకి గణికాధ్యక్షుడు అనే అధికారి ఉన్నాడు. రూపాజీవ, అంటే అందాన్నే నమ్ముకుని బతికే వేశ్య, నెలకు రెండు రోజుల రాబడి ప్రభుత్వానికి కట్టాలి. రాజు కొలువులోని గణిక విడుదల కావాలంటే 24,000 పణాలు (ఆనాటి నాణేలు) చెల్లించాలి. అది రాజ్యపు దోపిడీయే. అయితే అదే అధ్యాయంలో, ఇష్టం లేని గణికను నిర్బంధించినవాడికి, గాయపరిచి ఆమె రూపం చెడగొట్టినవాడికి వెయ్యి పణాల జరిమానా కూడా ఉంది. ఆమెకు 'ఇష్టం లేకపోవడం' అనేది ఒకటుంటుందని ఆ గ్రంథానికి తెలుసు. 1443లో పర్షియా దూతగా విజయనగరం వచ్చిన అబ్దుర్ రజాక్ మరో సంగతి రాసిపెట్టాడు. నగర రక్షణలో ఉన్న 12,000 మంది భటులకు రోజుకు 12,000 పణాల జీతం వేశ్యావాటికల రాబడి నుంచే వచ్చేదట. పోలీసుల జీతాలు ఆమె పన్నులోంచి వెళ్లిన రాజ్యంలో ఆమెకు కనీసం లెక్కల్లోనైనా చోటుంది.

ఆమెను రోగపు పుట్టగా చూడడాన్ని చట్టంగా మార్చింది మాత్రం కంపెనీ పోయి రాణి పాలన వచ్చాకే. 1864 కంటోన్మెంట్ చట్టం, 1868 అంటువ్యాధుల చట్టం ఒక యంత్రాన్ని బిగించాయి. మొదట పేరు నమోదు, చేతికో టికెట్, నిర్ణీత గడువుకోసారి బలవంతపు వైద్య పరీక్ష, సుఖవ్యాధి ఉన్నట్టు డాక్టరు రాస్తే నయమయ్యేదాకా లాక్ హాస్పిటల్లో నిర్బంధం. పేరులోనే తాళం ఉంది చూడండి. ఆమె దగ్గరకు వచ్చిన సైనికుణ్ని పరీక్షించాలని ఆ చట్టం అడగలేదు. ఫలితం ఊహించదగిందే. ఆడవాళ్లు నమోదు తప్పించుకుని దాక్కున్నారు, సగంమందికే వైద్యం చేసినప్పుడు జబ్బు తిరిగి తిరిగి వచ్చింది. ఇంగ్లండ్‌లో సంస్కర్త జోసెఫిన్ బట్లర్ ఏళ్ల తరబడి చేసిన పోరాటంతో అక్కడి చట్టం 1886లో రద్దయింది. సరిగ్గా అదే ఏడాది ఇండియాలో సైన్యం ఒక సర్క్యులర్ పంపింది. రెజిమెంటు బజార్లలో తగినంతమంది, తగినంత ఆకర్షణీయంగా ఉండే ఆడవాళ్లు ఉండేలా చూసుకోవాలని అందులో రాశారు. అది బయటపడి పార్లమెంటులో గగ్గోలు పుట్టాకే, 1888లో ఇక్కడి చట్టం పోయింది.

ఆ తర్వాతిది తెలుగు పాఠకులకు తెలిసిన కథే కనుక క్లుప్తంగా చెప్తాను. వీరేశలింగం భోగం మేళాల మీద ధ్వజమెత్తారు. 1893లో మద్రాసు సంస్కర్తలు ఇలాంటి ఆటలకు వెళ్లొద్దని గవర్నరుకూ వైస్రాయికీ అర్జీ పెట్టారు. శాసనాల్లో గౌరవ పదంగా చెక్కిన 'సాని' వీధి తిట్టయింది. 1930లో మద్రాసు శాసనమండలి సభ్యురాలు, డాక్టరు ముత్తులక్ష్మీ రెడ్డి పెట్టిన దేవదాసీ బిల్లు రూపం మారి 1947లో చట్టమైంది. పసిపిల్లలను దేవుడికి కట్టబెట్టే ఆచారం పోవాల్సిందే, అందులో రెండో మాట లేదు. ఆటపాటలే వృత్తిగా ఉన్న కలవంతుల కుటుంబంలోనే పుట్టి ఆ ఆచారంపై పోరాడిన యామినీ పూర్ణతిలకం గారి లాంటివాళ్ల మాట ముందు ఎవరి వాదనైనా తేలిపోతుంది. కానీ ఆచారాన్ని తీసేసినవాళ్లు ఆ ఆడవాళ్ల చేతిలో ఏం పెట్టారు? ఆ ప్రశ్న దగ్గరకు మళ్లీ వస్తాను.

స్వతంత్ర భారతం 1950లో మనుషుల అక్రమ రవాణాపై ఐక్యరాజ్యసమితి ఒప్పందంపై సంతకం చేసి, 1956 చివర్లో పీటాకు తొలి రూపమైన సీటా చట్టం తెచ్చింది. అది 1958 మే 1న అమల్లోకి వచ్చింది. ఆ రోజే అలహాబాద్ హైకోర్టులో హుస్నా బాయి అనే 24 ఏళ్ల యువతి పిటిషన్ వేసింది. నేను వేశ్యను, ఇది నా జీవనోపాధి, ఈ చట్టం నా వృత్తి హక్కును కాలరాస్తోంది అని తనే కోర్టుకు చెప్పుకుంది. సిగ్గుపడి మూల కూర్చుంటుందనుకున్న మనిషి కొత్త రాజ్యాంగాన్ని చేతబట్టుకుని వచ్చేసరికి పెద్దలకు ఊపిరాడలేదు. తొందరపడి వచ్చావంటూ సాంకేతిక కారణంతో పిటిషన్ కొట్టేశారు. ఆమె ప్రశ్నించిన సెక్షన్ 20, అంటే 'వేశ్య' అనుకున్న మనిషిని తన పరిధి దాటి వెళ్లిపొమ్మని మేజిస్ట్రేట్ ఆదేశించే అధికారాన్ని, 1964లో కౌసల్య కేసులో సుప్రీంకోర్టు సమర్థించింది. ఆ సెక్షన్ నేటికీ చట్టంలో ఉంది. 1986లో పేరు మార్చి సీటాను పీటా చేశారు, తాళం ముట్టుకోలేదు.

ఇప్పుడు అసలు యంత్రం ఎలా తిరుగుతుందో చూద్దాం. సెక్షన్ 13 కింద నియమించిన ప్రత్యేక పోలీసు అధికారి, అంటే ఇన్‌స్పెక్టర్‌కు తగ్గని హోదా ఉన్నవాడు, వారెంట్ తెచ్చేలోగా ఆలస్యమవుతుందనుకుంటే ఆ కారణం కాగితంపై రాసి నేరుగా సోదా చేయవచ్చు. వెంట కనీసం ఇద్దరు మహిళా పోలీసులు ఉండాలి. పరిసరాల్లోని ఇద్దరు పెద్దమనుషులు సాక్షులుగా ఉండాలి, వారిలో ఒకరైనా మహిళ కావాలి. ఆడవాళ్లను ప్రశ్నించాల్సింది మహిళా అధికారే. కాగితం మీద ముచ్చటగా ఉంది. మరి తప్పెక్కడ జరుగుతుంది? మొదటి తప్పు, లోపల ఉన్న అందరినీ తరలించే అధికారంలోనే ఉంది. బలవంతంగా తెచ్చిన పదహారేళ్ల పిల్లా, పదేళ్లుగా ఇదే వృత్తిలో ఉన్న నలభై ఏళ్ల మహిళా ఒకే వ్యాన్ ఎక్కుతారు. రెండోది వైద్య పరీక్ష. వయసు, గాయాలతో పాటు సుఖవ్యాధులకు కూడా పరీక్ష చేయాలని సెక్షన్ 15 చెబుతోంది. లాక్ హాస్పిటల్ రద్దయిన వందేళ్ల తర్వాత అదే పని పోలీసు వ్యాన్ వెంట తిరిగి వచ్చింది. ఆమె అంగీకారం తీసుకోవాలన్న మాట ఆ సెక్షన్‌లో లేదు.

మూడో తప్పు అన్నిటికంటే పెద్దది, సెక్షన్ 17. వెంటనే సంబంధిత మేజిస్ట్రేట్ ముందు హాజరుపరచలేకపోతే, దగ్గర్లోని మేజిస్ట్రేట్ ఆదేశంతో పది రోజుల దాకా కస్టడీ. ఆపైన విచారణ పేరుతో మూడు వారాల దాకా. ఆ విచారణలో ఏం చూస్తారు? ఆమె వయసు, ఆమె నడవడిక, ఆమె పూర్వాపరాలు. ఆమెను అప్పగించడానికి తల్లిదండ్రులో సంరక్షకుడో భర్తో తగినవారా కాదా. ఈ మాటలు నేను కల్పించినవి కావు, చట్టంలోనివే. ఓటు వేసే మనిషిని, పిల్లలను పెంచే మనిషిని ఎవరికి 'అప్పగించాలి' అని కోర్టు ఆలోచిస్తుంది. తగినవారు లేరనుకుంటే ఏడాదికి తగ్గకుండా, మూడేళ్లకు మించకుండా రక్షణ గృహంలో ఉంచమని రాస్తుంది. సెక్షన్ 7, 8 కింద శిక్ష పడిన మహిళకైతే 10ఏ ఉంది, జైలుకు బదులు దిద్దుబాటు సంస్థలో రెండు నుంచి ఐదేళ్లు. గమనించండి, మూడు నెలల జైలు నేరానికి ఐదేళ్ల దిద్దుబాటు!

ఈ హోమ్‌లలో ఉన్న ఆడవాళ్లను ప్రభుత్వం ఎలా చూసిందో చెప్పడానికి ఒక్క సంగతి చాలు. దేశంలో మొట్టమొదటి హెచ్‌ఐవీ కేసులు 1986లో బయటపడింది మద్రాసు విజిలెన్స్ హోమ్‌లో ఉన్న మహిళల రక్త నమూనాల్లో. ఆరోగ్య శాస్త్రానికి వాళ్లు అందుబాటులో ఉన్నారంటే కారణం తాళమే. ముంబైలో ఇలాగే ముగ్గురు మేజర్ యువతులను కన్నతల్లులు వచ్చి అడిగినా పంపకుండా హోమ్‌లో పెట్టమని మేజిస్ట్రేట్ ఆదేశిస్తే, 2020 సెప్టెంబరులో బాంబే హైకోర్టు వాళ్లను విడుదల చేస్తూ, వృత్తిని ఎంచుకునే హక్కు మేజర్ మహిళకు ఉందని, ఈ చట్టం వ్యభిచారాన్ని నేరంగా చెప్పలేదని తేల్చింది. ఒక హైకోర్టు దాకా వెళ్లగలిగిన ముగ్గురు బయటపడ్డారు. వెళ్లలేనివాళ్ల సంగతి?

అక్రమ రవాణా నిజం కాదా, బలవంతంగా అమ్ముడుపోయిన పిల్లలను కాపాడొద్దా అని అడిగేవాళ్లున్నారు. ఎవరి ఇష్టమూ నిజమైన ఇష్టం కాదు, పేదరికం చేయించే పనే అనీ, అందుకే స్వీడన్ 1999లో చేసినట్టు కొనేవాణ్ని శిక్షించాలనీ అంటారు. గౌరవించదగ్గ వాదనే. కానీ మనుషుల్ని అమ్మేవాణ్ని శిక్షించడానికి భారతీయ న్యాయ సంహితలో 143, 144 సెక్షన్లున్నాయి, పిల్లల కోసం పోక్సో ఉంది, పీటాలోనే బలవంతంగా నిర్బంధించినవాడికి ఏడేళ్లకు తగ్గని శిక్ష విధించే సెక్షన్ 6 ఉంది. వీటిలో ఒక్కటీ తీసేయమని నేను అనడం లేదు. వాటిని రుజువు చేయాలంటే రాష్ట్రాల మధ్య తిరగాలి, ముఠాను పట్టుకోవాలి, సాక్షిని నిలబెట్టాలి. 7, 8 సెక్షన్లకు ఓ సాయంత్రం చాలు. సులువైన సెక్షన్లు చేతిలో ఉన్నంతకాలం కష్టమైన కేసు జోలికి ఎవరు వెళ్తారు? కొనేవాణ్ని శిక్షిస్తే అతను మరింత చీకట్లోకి రమ్మంటాడు, బేరమాడే వ్యవధి తగ్గుతుంది, కండోమ్ అడిగే ధైర్యం పోతుంది. న్యూజిలాండ్ 2003లో వేరే దారి పట్టింది. నలుగురి దాకా మహిళలు ఎవరి కిందా పనిచేయకుండా, లైసెన్సు అక్కర్లేకుండా ఒకే ఇంట్లో కలిసి పనిచేసుకోవచ్చంది. మన చట్టం ఇద్దరికే బ్రోతల్ అంటున్న చోట.

మరి 2022 మే 19న సుప్రీంకోర్టు అంతా మార్చేసిందిగా అంటారా? ఆ రోజు చాలా చోట్ల వచ్చిన శీర్షిక 'సెక్స్ వర్క్ వృత్తే, పోలీసులు జోక్యం చేసుకోవద్దు' అని. ఆ ఆదేశాన్ని నిదానంగా చదివితే వేరే సంగతి కనబడుతుంది. కోర్టు వేసిన ప్యానెల్ పది సిఫార్సులు చేసింది. కేంద్రం అభ్యంతరం చెప్పని ఆరింటినే రాష్ట్రాలు కచ్చితంగా అమలు చేయాలని కోర్టు ఆదేశించింది. లైంగిక దాడికి గురైతే అందరు బాధితుల్లాగే సాయం అందించాలి, ఇష్టానికి వ్యతిరేకంగా హోమ్‌లలో ఉన్న మేజర్లను సర్వే చేసి విడుదల చేయాలి, కండోమ్‌ను నేరానికి సాక్ష్యంగా చూపకూడదు, దాడుల వార్తల్లో వాళ్ల గుర్తింపు బయటపెట్టకూడదు లాంటివి అందులో ఉన్నాయి. విలువైనవే. కేంద్రం అభ్యంతరాల వల్ల బయట ఉండిపోయిన నాలుగు ఏవి? ఇష్టంతో చేస్తున్న మేజర్ విషయంలో పోలీసులు జోక్యం చేసుకోకూడదు. బ్రోతల్ దాడిలో ఆమెను అరెస్ట్ చేయకూడదు. నిర్ణయాల్లో సెక్స్ వర్కర్లకు చోటివ్వాలి. తల్లి నుంచి బిడ్డను వేరు చేయకూడదు. అంటే ఆ శీర్షిక రాసిందంతా ఆగిపోయిన వాటి గురించే.

ఇందాక వదిలిన ప్రశ్న: ఆమె చేతిలో ఏం మిగిలింది? నన్ను ఈ అంశం మొత్తంలో ఎక్కువగా కుదిపేది ఇదే. లక్నోలో 1858 నుంచి 1877 దాకా ఉన్న పన్ను రికార్డుల్లో అత్యధిక ఆదాయం చూపిన వర్గంలో తవాయిఫ్‌లు, అంటే ఆటపాటల వేశ్యలు, ఉన్నారు. ఇళ్లు వాళ్లవి, తోటలు వాళ్లవి. మన కలవంతుల ఇళ్లలో ఆస్తి తల్లి నుంచి కూతురికి వెళ్లేది, కూతురు లేకపోతే ఆడపిల్లను దత్తత తీసుకునేవారు. మిగతా హిందూ కుటుంబాల్లో ఆడపిల్లకు కట్నం తప్ప గజం నేల రాని కాలమది. ఆ దత్తత చెల్లదని 1880లో బాంబే హైకోర్టు మధురా నాయకిన్ కేసులో తీర్పిచ్చింది. మైనర్ల అమ్మకంపై శిక్షాస్మృతి సెక్షన్లు దత్తతల మీదికి తిరిగాయి. నీతి బోధ వెనకే వారసత్వం తెగిపోయింది. 1929లో దేవాదాయ చట్టానికి ముత్తులక్ష్మీ రెడ్డి తెచ్చిన సవరణ ఒక్కటే ఈ సంగతి పట్టించుకుంది: గుడి సేవ మానేసినా ఇనాం భూమి ఆమె దగ్గరే ఉండేలా చేసింది. సంస్కరణ అంటే అలా ఉండాలి, ముందు భూమి, తర్వాత నీతి.

1956లో ఇదే పార్లమెంటు హిందూ వారసత్వ చట్టంలో స్త్రీ ఆస్తికి ఆమెనే పూర్తి హక్కుదారును చేసింది. అదే సంవత్సరం సీటాతో ఇంకో స్త్రీ సంపాదనను నేరపు సొమ్ము చేసింది. 1986లో ఆంధ్రప్రదేశ్ శాసనం కూతుళ్లకు కొడుకులతో సమానంగా వాటా ఇచ్చింది. అదే సంవత్సరం ఢిల్లీలో సీటాను పీటాగా మార్చి కూడా సెక్షన్ 4ను వదల్లేదు. ఎవరో ఒక మగవాడి అజమాయిషీలో ఉన్న ఆడదాని ఆస్తిని చట్టం ఒప్పుకుంది, ఎవరి అజమాయిషీలోనూ లేని ఆడదాని రాబడిని ఒప్పుకోలేకపోయింది. బ్యాంకు ఖాతా తెరవడానికి చిరునామా, చిరునామాకు అద్దె ఒప్పందం, అద్దె ఒప్పందానికి భయపడని యజమాని కావాలి. ఎక్కడో ఒక చోట గొలుసు తెగుతుంది, ఆమె వడ్డీ వ్యాపారి గుమ్మం ముందు తేలుతుంది. కోల్‌కతాలోని వేశ్యావాటిక సోనాగాఛీలో ఆడవాళ్లు 1995లో 'ఉషా' సహకార సంఘం పెట్టుకోవాలనుకుంటే, సభ్యులకు సత్ప్రవర్తన ఉండాలన్న నిబంధన అడ్డొచ్చింది. గృహిణులమని రాసివ్వండి, రిజిస్టర్ చేస్తాం అన్నారు. వాళ్లు రాసివ్వలేదు, నిబంధనే మార్పించారు. ఈ దేశంలో సెక్స్ వర్కర్ల చరిత్రలో నాకు అన్నిటికంటే పెద్దగా కనిపించే విజయం అదే, ఎందుకంటే అక్కడ వాళ్లు కాపాడమని అడగలేదు, పొదుపు చేసుకోనివ్వమని అడిగారు. చిరునామా రుజువు లేకపోయినా ఎయిడ్స్ నియంత్రణ సంస్థ అధికారి ధ్రువీకరణతో ఆధార్ ఇవ్వాలని, కార్డుపై వృత్తిని సూచించే గుర్తేదీ ఉండకూడదని 2022 ఆదేశాల్లో ఉంది. ప్రతి జిల్లాలో దాన్ని అమలు చేయిస్తే పది దాడుల కంటే ఎక్కువ మేలు.

తల్లి సెక్స్ వర్కర్ అన్న ఒక్క కారణంతో బిడ్డను ఆమె నుంచి వేరు చేయకూడదన్న పదో సిఫార్సు ఆ రోజు ఆదేశాల్లో చేరలేదు. బిడ్డ పెరిగే ఏళ్లలో తల్లి దగ్గర ఉండాలా వద్దా అన్నది అలా వాయిదా పడింది. ఆ బిడ్డకు 18 నిండాక, తల్లి సంపాదనతో అదే ఇంట్లో అన్నం తింటే ఏమవుతుందో మాత్రం సెక్షన్ 4లో స్పష్టంగా ఉంది. రెండేళ్ల దాకా జైలు, లేదా వెయ్యి రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ.